తాజుల్ ములూక్ పేరు

గులేబకావళి కథ వినని తెలుగువాళ్ళు తక్కువ. గుల్ అంటే పువ్వని తెలియకుండానే ఊరూరా చెప్పుకున్నారు. మా ఇళ్ళల్లో నానీ చెప్పే ఖిస్సాలో రాకుమారుడి పేరు తాజుల్ ములూక్. 1962 నాటి సినిమాలో రామారావు పేరు విజయుడు. ఇద్దరూ ఒక్కడే. తెర మీద చోటు దొరికింది మాత్రం ఒక పేరుకే.

ఆ కథని బొమ్మల కథగా గియ్యాలని ఎర్రగడ్డ సంతకి దగ్గర్లో ఒక అద్దె గదిలో కూచున్నాం. ఇరవై నాలుగు గంటల్లో ఇరవై నాలుగు పేజీలు. 1990లో అమెరికాలో స్కాట్ మెక్‌క్లౌడ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆలోచన, పెన్సిలు, ఇంకు, మాటలు అన్నీ గంటకో పేజీ లెక్కన తెమలాలి. కొట్టేసి మళ్ళీ గీసే తీరిక లేదు. చెయ్యి తనకు అలవాటైందే గీస్తుంది.

తకరారు అక్కడే వచ్చింది. "పేరు పెద్దది, మాటల బుడగలో పట్టదు. విజయ్ అంటే చాలు" అన్నాడొక మిత్రుడు. పువ్వు కాజేసే అన్నలకి గడ్డాలు, టోపీలు పెడదామన్నాడు ఇంకొకడు. చూడగానే దొంగలని తెలిసిపోతుందట! నాయకుడు విజయ్, దొంగలు టోపీవాళ్ళు. ఒకే తండ్రి బిడ్డలు!

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మాతో ఒకే దస్తర్‌ఖాన్ మీద తిన్నవాళ్ళే. తొందరలో ఉన్నారు, అంతే. కానీ తొందరలో ముందు రాలిపోయేది మా పేరే ఎందుకు? ముందు గుర్తొచ్చేది మా గడ్డమే ఎందుకు? ఫిల్మ్‌నగర్ ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు. చేతులకి ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో వేరే చెప్పాలా?

కథ మా ఒక్కళ్ళదేనని మేం అనడం లేదు. ఫారసీలో రాసింది ఇజ్జతుల్లా బంగాలీ. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం ఉర్దూ వచనంలోకి తెచ్చింది నిహాల్‌చంద్ లాహోరీ. 1838లో 'గుల్జారె నసీం' పేరుతో మస్నవీ కట్టింది కాశ్మీరీ పండితుడు దయాశంకర్ నసీం. ఈ ఇద్దరు హిందువులూ తాజుల్ ములూక్ పేరు మార్చలేదు. దానివల్ల వాళ్ళ మతానికి ఏ లోటూ రాలేదు.

ఇంతకీ కథేమిటి? ఈ కొడుకుని చూస్తే గుడ్డివాడవుతావని జ్యోతిష్కులు రాజుకి చెప్పారు. బిడ్డని దూరంగా ఉంచారు. ఒకనాడు వేటలో రాజు వాణ్ణి చూశాడు. చూపు పోయింది. బకావళి తోటదాకా వెళ్ళి ఆ చూపు తెచ్చింది మళ్ళీ ఆ కొడుకే. దారిలో అన్నలు పువ్వు లాక్కుని, తామే తెచ్చామన్నారు. ఈ దేశంలో ఈ కథ మాకెవరైనా విడమరిచి చెప్పాలా?

రాత్రంతా వాదించుకుంటూనే గీశాం. రాక్షసుల ఘట్టాలు కుదించాం. పిల్లి తల మీద దీపం, దాని నీడలో ఎలుక పాచిక తిప్పే ఆట ఉంచాం. అన్నలకీ తమ్ముడికీ ఒకే రకం తలపాగాలు చుట్టాం. పేరు పట్టేలా బుడగ కాస్త పెద్దది గీశాం. అర నిమిషం కూడా పట్టలేదు.

మా పేరు పూర్తిగా రాయండి. కాగితం మీద చోటుంది.