ఆ పంపు సంగతి

యూసుఫ్‌గూడలో మా ఓ.పి.కి వచ్చేవారిలో కృష్ణానగర్ సినిమా పనివాళ్ళు చాలామంది వుంటారు. పోయిన చలికాలం వారిలో ఒక లైట్‌మన్ తన తల్లిని తీసుకొచ్చాడు. ఉబ్బసం. పదిహేను రోజుల్లో ఆమె రావడం అది మూడోసారి. ఇన్‌హేలర్‌ను ఆమె పంపు అంటుంది.

"పంపు రోజూ పీలుస్తున్నావా అమ్మా?"

"నువ్వు చెప్పినట్టే పీలుస్తున్న సారూ."

నా ఎదుట పీల్చి చూపించమన్నాను. ముందు పంపు నొక్కింది, తర్వాత తీరిగ్గా గాలి పీల్చింది. మందంతా నాలుక మీదే ఆగిపోయింది. తప్పు ఆమెది కాదు. ఎలా వాడాలో అచ్చువేసిన కాగితం ఒకటి నేనే ఆమె చేతికిచ్చి పంపాను. చదువురాని ఆ తల్లి దాన్ని మడతపెట్టి సంచిలో భద్రంగా దాచుకుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి కాగితాలు ఎందరికిచ్చానో తలచుకుంటే సిగ్గేసింది.

కొడుకు ఫోను తీశాడు. "సిస్టర్ చేసి చూపిస్తే నేను తీసుకుంటా సార్, ఇంట్లో అమ్మకు రోజూ చూపిస్తా" అన్నాడు. సిస్టర్‌ను కిటికీ వెలుగులో నిలబెట్టాడు. చెయ్యి అడ్డం వస్తోందని రెండోసారి తీశాడు. పనివాడు గదా! పంపును బాగా వూపడం, స్పేసర్ గొట్టానికి తగిలించడం, ఊపిరి పూర్తిగా వదలడం, గొట్టాన్ని పెదవులతో బిగించి పంపు ఒక్కసారి నొక్కి నెమ్మదిగా, లోతుగా పీల్చడం, పది లెక్కపెట్టేదాకా బిగబట్టడం, చివర నోరు పుక్కిలించడం - అంతా రెండు నిమిషాల్లో, ఆమె మాట్లాడుకునే భాషలోనే వచ్చింది.

నెల తర్వాత చేసి చూపించింది. ఒక్కటే లోపం, మరీ గబగబా పీలుస్తోంది. దిద్దాను. వీడియో చూపించగలదు గాని, చూసినవాళ్ళు ఎలా చేస్తున్నారో దానికి తెలియదు. ఆ చలికాలం ఆమె మళ్ళీ ఆయాసంతో రాలేదు.

బొమ్మతో ఆరోగ్యం చెప్పడం కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ - వూళ్ళోవాళ్ళు ఒక్క టీవీ ముందు చేరి చూసేవారు. ఇప్పుడు ఎవరి ఫోను వారిది.

చిక్కు ఎండాకాలంలో వచ్చింది. సాయంత్రాలు పాత పాటలు చూడడం ఆమెకు కాలక్షేపం. మంచిదే, మనసు తేలికపడుతుందని నేనే ప్రోత్సహించాను. ఒకనాడు పాట అయిపోగానే దానంతటదే ఇంకో వీడియో మొదలైంది. పంపు అలవాటైతే జన్మలో వదలదని తెల్లకోటు వేసుకున్న ఎవరో చెప్పాడు. ఆమె మానేసింది. వారం తిరక్కుండా అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చింది.

ఉబ్బసం పంపు మత్తుమందు కాదు, వ్యసనంగా మారదు. తగ్గిందని సొంతంగా మానకండి. డోసు తగ్గించవలసింది మీ డాక్టరే.

ఆమె మీద కోప్పడబోయి ఆగాను. తెల్లకోటును నమ్మమని నేర్పింది మేమే గదా! మొన్న వచ్చినప్పుడు మందుచీటీ కంటే ముందు ఫోను నా బల్ల మీద పెట్టింది. "ఇది నిజమేనా సారూ, జర చూడు." ఈసారి షుగరుకు ఏదో కషాయం. బయట క్యూ పెరుగుతోంది. అయినా ఇద్దరం కలిసి చివరిదాకా చూశాం.