ఒత్తుకు చోటేదీ?

తెలుగు వెబ్ పేజీకి ఫాంటు ఎంచుకునేటప్పుడు అందరూ 'అ' ఎంత ముద్దుగా ఉందో చూస్తారు. నేను మాత్రం ముందు ఒత్తులే చూస్తాను. 'స్త్రీ' అని కొట్టి చూడండి. 'స'కు రెండు ఒత్తులు, పైన గుడిదీర్ఘం. ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయే వరుసల ఎడంలో ఇదెక్కడ ఇముడుతుంది? పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస తలకట్టును పొడుస్తుంది. అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఎడం ఉండాలంటాను. పేజీ పొడవైపోతుందని మా డిజైనర్ గొణుగుడు.

ఒకప్పుడు ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు. దించుకోకపోతే తెరంతా పిచ్చిగీతలే. విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' వచ్చింది, యూనికోడ్ పుణ్యమా అని ఆ బెడద తీరింది. ఇప్పుడు మండలి, సూరన్న, రామభద్ర, నోటో... అన్నీ ఉచితమే. అలాగని అన్నీ అన్నిటికీ పనికిరావు. లావుపాటి రామభద్ర హెడ్డింగుకు భేష్. కథంతా అందులోనే పెడితే చదివేవాళ్లకు తలనొప్పే.

ఈమధ్య ఒక సైట్లో మంచి కథ కనిపిస్తే అమ్మకి ఫోన్‌లో చూపించాను. సన్నటి ఫాంటు, లేత బూడిదరంగు. అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. నాలుగు లైన్లు చదివి, ''నా కళ్లు మళ్లీ మొదటికొచ్చాయి కాబోలు'' అంటూ ఫోన్ పక్కన పెట్టేసింది. డాక్టర్ దగ్గరికి బయల్దేరుతానంది కూడా! అదే కథని నల్లటి అక్షరాల్లోకి మార్చి, సైజు పెంచి ఇచ్చాను. ఆఖరిదాకా చదివి, ముగింపు బాగోలేదని తేల్చేసింది. లోపం తమ కళ్లదేననుకుని ఇలా చదవడం మానేసిన పెద్దవాళ్లు ఎంతమందో!

డిజైనర్‌కి ఏ కొత్త ఫాంటు నచ్చినా, ఇప్పుడు నేను ముందు అమ్మ ఫోన్‌కే పంపిస్తున్నాను.