కాలవ కింద పుట్టినోళ్లం

మా నాయనకు నంద్యాల పక్క కేసీ (కర్నూలు-కడప) కాలవ కింద మూడెకరాల మడి ఉండేది. మా మేనమామకు పత్తికొండ పక్క ఏడెకరాల మెట్ట. పట్టాదారు పుస్తకంలో ఆయనే పెద్ద రైతు. పంట ఇంటికొచ్చేది మాత్రం మాకే.

మామ కూతురిది సరిగ్గా నా వయసే. ఎండాకాలం సెలవులకు మా ఇంటికొచ్చినప్పుడు, పన్నెండో ఎక్కం దగ్గర నేను తడుముకుంటుంటే ఆ పిల్ల పదహారోది గడగడా అప్పజెప్పేది. "ఈ పిల్ల కలెక్టరైతాది సూడు" అని మురిసిపోయేది మా జేజి.

వాన మొగం చాటేసిన ఏడు, దీపావళి దాటితే వాళ్ల ఊళ్లో ఇండ్లకు తాళాలు పడేవి. మూటాముల్లె లారీకెక్కించుకొని గుంటూరు పక్కకు సుగ్గికి పోయేవాళ్లు, పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. మామ కూతుర్నీ వెంట తీసుకుపోయేవాడు. పెద్దోళ్లు కోతలో ఉంటే, గట్టు మీద చంటి తమ్ముణ్ణి ఆడించడం ఆ పిల్ల పని. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయేవి. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది.

ఆ నెలలన్నీ నేను బళ్లోనే ఉన్నాను. వడ్లమ్మిన డబ్బుతో నాయన నన్ను కర్నూలులో చదివించాడు. నా చదువులో నా కష్టం ఉంది. ఆ కష్టపడే అవకాశం మాత్రం పుట్టుకతోనే వచ్చింది.

మా వాళ్లు దీన్ని తలరాత అన్నారు. నేను ఒప్పుకోను. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల ఈ కేసీ కాలవ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. నేల వాలు, కంపెనీ లెక్కలు కలిసి ఏ ఊరికి నీళ్లో, ఏ ఊరికి లేవో తేల్చాయి. వందేళ్లు దాటినా మా ఇద్దరి చదువులు ఆ గీత ప్రకారమే నడిచాయి.

మనుషులు గీసిన గీతను మనుషులే మార్చగలరు. 1972లో కర్నూలులో పెట్టిన సిల్వర్ జూబ్లీ కళాశాల, ప్రతిభ ఉన్న పేద పిల్లలను హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివించింది. కానీ డిగ్రీ దాకా రావాలంటే ముందు ఐదో తరగతి దాటాలి. అందుకే సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం పెట్టే సీజనల్ హాస్టళ్లను నేను కాలవంత ముఖ్యమైనవిగా చూస్తాను. అవి లారీలు బయల్దేరక ముందే తెరవాలి. నెల ఆలస్యమైతే పిల్లలు ఆ లారీల్లో వెళ్లిపోయి ఉంటారు, ఆ ఏటి చదువూ పోతుంది.