ఆ ఉత్తరం మీద సంతకం పెట్టలేదు

మా అబ్బాయికి ఆటిజం. మాటలు తక్కువ, చిన్న చప్పుడు కూడా భరించలేడు. ఇంగ్లండులో మా ఇంటికి దగ్గరగా ఉన్న ప్రైమరీ స్కూలు చర్చి వాళ్లది, నడిచేది ప్రభుత్వ డబ్బుతో. అందులోనే చేర్పించాం. అక్కడ రోజూ పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టి ప్రార్థన చేయిస్తారు. పియానో, పాటలు, చప్పట్లు. వాడు చెవులు మూసుకుని, నేల మీద పడి తల కొట్టుకునేవాడు. నుదుటి మీద బొప్పితో ఇంటికొచ్చిన రోజులున్నాయి.

దానికి స్కూలు చేసిందల్లా కారిడార్‌లో ఒక కుర్చీ వెయ్యడం. ప్రార్థన వేళే కాదు, ఆర్.ఈ. అనే మతాల పాఠం వేళ కూడా వాడక్కడే. ఆ పాఠంలో క్రైస్తవంతో పాటు మిగతా మతాల గురించీ చెబుతారు. దీపావళి పాఠానికి టీచర్ అడిగితే ప్రమిదలు, ఒత్తులు, కుంకుమ భరిణె పంపాను. పిల్లలంతా వాటి చుట్టూ కూర్చున్నారట. మా ప్రమిదలు గదిలో, మా పిల్లాడు గది బయట. ఎంత గోలలో ఉన్నా, ఇంట్లో దీపం పెడితే వచ్చి దాని వంకే చూస్తూ కూర్చునే పిల్లాడు వాడు. ఆ సాయంత్రం ఆ సంగతి తెలిసి నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్లకు హెడ్ టీచర్ పిలిచారు. “మీరు హిందువులు కదా, ప్రార్థన నుంచీ ఆర్.ఈ. నుంచీ బాబును తప్పించమని ఉత్తరం రాసివ్వండి, అందరికీ తేలిక” అన్నారు. తల్లిదండ్రులకు ఆ హక్కు 1998 నాటి చట్టంలో ఉంది, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఈ గొడవ తీరిపోతుంది, సంతకం పెట్టేద్దామన్నారు మా ఆయన. నేను ఆగమన్నాను. రాత్రిళ్లు కూర్చుని నిబంధనలు చదివాను. అలా తప్పించిన పిల్లల్ని స్కూలు కనిపెట్టుకుని ఉంటే చాలు, ఆ వేళకు వేరే పాఠం చెప్పే బాధ్యత ఉండదు. మేం సంతకం పెడితే కారిడార్‌లో కుర్చీ ఖాయమైపోతుంది!

మాకు ఏసుతో పేచీ లేదు. తెనాలిలో నేను చదివిందీ సిస్టర్ల స్కూల్లోనే. మా అబ్బాయి పేచీ పియానో చప్పుడుతో. మనస్సాక్షి కోసం ఇచ్చిన హక్కును, వైకల్యమున్న పిల్లాణ్ని బయట కూర్చోబెట్టడానికి వాడుకోవడం అన్యాయం. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

అందుకని ఈ.హెచ్.సి. ప్లాన్ కోసం స్థానిక కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకున్నాం. పిల్లాడికి ఏ సాయం అందాలో చట్టబద్ధంగా రాసిచ్చే కాగితమది. అసలు పరీక్షించనే అక్కర్లేదని ముందు తోసిపుచ్చారు. మధ్యవర్తి ఎదుట కూర్చున్నాక ఒప్పుకున్నారు. 20 వారాల్లో ప్లాన్ చేతికివ్వాలని నియమం. గడువు దాటిపోయింది, ఫోన్ చేస్తే సిబ్బంది లేరనేవాళ్లు. ఈలోగా వాడు పొద్దున్నే యూనిఫాం చూస్తే వణికిపోయేవాడు. అత్తయ్యగారు ఫోన్లో “వాణ్ని తీసుకుని వచ్చెయ్యమ్మా” అని ఏడ్చేవారు.

డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ‘అవసరాన్ని బట్టి సాయం’ అని ఉంది. ఆ మాటకు ఎవరూ జవాబుదారీ కారు. సాయాలు రాసే ఎఫ్ సెక్షన్‌లో ఏ సాయం, ఎవరు, ఎంతసేపు అన్నది విడివిడిగా ఉంటేనే దాన్ని అందించాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద పడుతుంది. పట్టుబట్టి రాయించాం. పాటలయ్యాకే హాల్లోకి తేవాలి, తలుపు పక్కన చోటివ్వాలి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాలి, వాడు కార్డు చూపిస్తే టీచింగ్ అసిస్టెంట్ వెంటనే బయటికి తీసుకెళ్లాలి. ఆర్.ఈ. పాఠం ముందురోజే బొమ్మలతో చెప్పాలి.

ఆ డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు ఆదివారానికొకటి చొప్పున వెలిగించే కొవ్వొత్తుల్ని స్కూల్లోనూ వెలిగిస్తుంటే, వాడు హాల్లోనే ఉన్నాడు.

ప్లాన్‌ను ఏటా సమీక్షిస్తారు. “ఇప్పుడు బాగానే ఉంటున్నాడు కదా, ఆ వాక్యాలు తీసేద్దామా?” అని పోయినసారి అడిగారు. బాగుంటున్నది వాటి వల్లేనని చెప్పాను. తీసెయ్యలేదు.