శాలువా కప్పిన తరువాత

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మొదట సంకోచించాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాం. చదువు గురించీ క్రమశిక్షణ గురించీ నాలుగు మంచి మాటలు రాసి పంపిద్దామనే అనుకున్నాం. కానీ ఈ ఏడాది సెమినార్ కోసం ఒక నావికుడి జీవితం చదివాం. చదివినప్పటి నుంచీ మన హాస్టల్ వంటగదే కళ్ళ ముందు మెదులుతోంది. అందుకని ఆ సంగతే రాస్తున్నాం.

రెండో ప్రపంచయుద్ధంలో ఒక వీరుణ్ణి ఎంచుకుని మాట్లాడమన్నారు మా సారు. తోటివాళ్ళు సేనాధిపతుల పేర్లు ఎంచుకున్నారు. మేము లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే ఒకచోట 'మెస్ అటెండెంట్' అన్న మాట కనబడింది. మెస్ అన్న మాట చూస్తే మన చెయ్యి ఆగకుండా ఎలా ఉంటుంది? అక్కడే ఆగిపోయాం.

ఆయన పేరు డోరిస్ మిల్లర్. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, వేకో ఊరి దగ్గర 1919 అక్టోబర్ 12న పుట్టాడు. తల్లిదండ్రులు పరుల భూమిని పాలుకు చేసుకుని బతికిన నల్లజాతి రైతులు. డోరిస్ అంటే నిజానికి ఆడపిల్ల పేరు. పుట్టేది ఆడపిల్లేనని మంత్రసాని గట్టిగా నమ్మిందట. అలా ఆ పేరు ఉండిపోయింది. హైస్కూల్లో ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు గానీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1939 సెప్టెంబర్‌లో నౌకాదళంలో చేరాడు.

ఆ రోజుల్లో నౌకాదళంలో చేరే నల్లవాళ్ళకు ఇచ్చే పని ఒక్కటే. అధికారులకు భోజనం వడ్డించాలి, గిన్నెలు కడగాలి, పక్కలు సర్దాలి, బూట్లు తుడవాలి. తుపాకీ దగ్గరి పనులు తెల్లవాళ్ళవి. మిల్లర్ కండ పుష్టి ఉన్న మనిషి. 'వెస్ట్ వర్జీనియా' అనే యుద్ధనౌకలో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ కూడా. అయినా ఆయన పని మాత్రం వంటగది దాటలేదు.

1941 డిసెంబర్ 7, ఆదివారం. హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్. పొద్దున్నే మిల్లర్ అధికారుల మాసిన బట్టలు పోగు చేస్తున్నాడు. ఎనిమిది కావస్తుండగా జపాన్ విమానాలు వచ్చిపడ్డాయి. ప్రమాద గంట మోగగానే తనకు కేటాయించిన చోటికి పరిగెత్తాడు. అప్పటికే టార్పెడో దెబ్బకు అది పాడైపోయింది. పైకి వస్తే, కెప్టెన్ మెర్విన్ బెనియన్ పొట్టలో తగిలిన గాయంతో పడి ఉన్నాడు. మిల్లర్ మరికొందరితో కలిసి ఆయన్ని కాస్త మరుగున్న చోటికి చేర్చాడు. కెప్టెన్ ప్రాణం మాత్రం దక్కలేదు.

తరువాత మిల్లర్ విమానాలను కూల్చే ఒక మెషిన్ గన్ అందుకున్నాడు. దాన్ని పేల్చడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. వేరేవాళ్ళు పేలుస్తుంటే చూశాడు, అంతే. గుళ్ళు అయిపోయేదాకా పేల్చాడు. ఆ తరువాత మంటల్లో, నూనె తేలిన నీళ్ళల్లో చిక్కుకున్న తోటి నావికులను లాగి బయటపడేశాడు. ఓడ ఉన్నచోటే నీళ్ళల్లోకి కుంగిపోయింది.

1942 జనవరి మొదట్లో నౌకాదళం ఆనాటి సాహసవంతుల వివరాలు బయటపెట్టింది. అందులో 'ఒక నల్లజాతి నావికుడు' అని ఉందే గానీ పేరు లేదు. నల్లజాతివారి పత్రిక 'పిట్స్‌బర్గ్ కొరియర్' ఆ పేరు కోసం పట్టుబట్టింది. మార్చి నెలకు గానీ అది లోకానికి తెలియలేదు. ఆ ఏడాది మే 27న 'ఎంటర్‌ప్రైజ్' అనే విమానవాహక నౌక మీద అడ్మిరల్ చెస్టర్ నిమిట్జ్ స్వయంగా ఆయన చొక్కాకు 'నేవీ క్రాస్' తగిలించాడు. ఆ పతకం పొందిన మొదటి నల్లజాతి అమెరికన్ ఆయనే. యుద్ధ బాండ్లు అమ్మడానికి ఆయన్ని ఊరూరా తిప్పారు. సైన్యంలో చేరమని పిలిచే పోస్టర్ మీద ఆయన బొమ్మ వేశారు.

ఇక్కడిదాకా చదివి మా గుండె పొంగింది. తరువాతి పేజీ తిప్పాక తల దించుకున్నాం. అంత పతకం వచ్చాక కూడా ఆయన వంటగది దాటలేదు. 1943 జూన్‌లో ఆయనకు అందిన మెట్టు ఓడ వంటవాడి హోదా. ఆ హోదాలోనే 'లిస్కమ్ బే' అనే ఓడకు వెళ్ళాడు. 1943 నవంబర్ 24న గిల్బర్ట్ దీవుల దగ్గర జపాన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. దాదాపు తొమ్మిది వందల మందిలో 272 మందే బతికి బయటపడ్డారు. వాళ్ళల్లో మిల్లర్ లేడు. అప్పటికి ఆయనకు 24 ఏళ్ళు. ఇది రాస్తున్న మాకు 23.

మిత్రులారా, ఆ పేజీ దగ్గర మాకు మన బాబాయ్ గుర్తొచ్చాడు. మన హాస్టల్ కామాటి. పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన దగ్గర తిన్న ప్రతి ఒక్కరికీ ఎవరో తెలుసు.

ఎనిమిదేళ్ళ క్రితం మేము పదో తరగతిలో ఉండగా బోరు మోటారు కాలిపోయింది. స్నానాలకు వెనక పొలంలోని దిగుడుబావికి వెళ్ళేవాళ్ళం. ఒకరోజు ఆరో తరగతి పిల్లవాడు మెట్టు మీద పాచికి జారి లోపల పడ్డాడు. మేమంతా గట్టున నిలబడి కేకలు పెట్టామే గానీ ఒక్కరం దూకలేదు. బాబాయ్ బియ్యం కడుగుతున్నవాడు కడుగుతున్నట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చి దూకాడు. ఆయనకు ఈత వచ్చో రాదో కూడా అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడూ అడగలేదు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పైకి వచ్చాడు. తరువాత తడిబట్టలతోనే వెళ్ళి ఎసరు పెట్టాడు.

ఆ ఏడు అంబేద్కర్ జయంతి సభలో ఆయనకు శాలువా కప్పారు. చప్పట్లు మారుమోగాయి. మేము ఈలలు కూడా వేశాం. సభ అయ్యాక చూస్తే శాలువా మడతపెట్టి వంటగది కిటికీలో పెట్టి ఉంది. బాబాయ్ సభకు వచ్చినవాళ్ళు తిన్న గంగాళాలు తోముతున్నాడు. అప్పుడు మాకు అందులో వింతేమీ కనబడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందు బాబాయ్ మా దగ్గరికి వచ్చి, "ఒరే నాన్నా, మీ దస్తూరీ బాగుంటది గదా. వంటమనిషి ఖాళీ అవుతదంట. నన్ను చూడమని ఒక అర్జీ రాసిపెట్టండిరా" అన్నాడు. వంటమనిషి సెలవు పెట్టిన రోజుల్లో వంటంతా ఆయనే చేసేవాడు. సాంబారు ఆ రోజుల్లోనే బాగుండేదని మనకందరికీ తెలుసు. పరీక్షలయ్యాక రాస్తాం బాబాయ్ అన్నాం. పరీక్షలయ్యాయి, శాలువా కప్పించాం, పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆ అర్జీ రాయలేదు.

అమెరికా నౌకాదళాన్ని తప్పు పట్టడం మాకు సులువుగానే ఉంది. మరి మేము చేసిందేమిటి? చప్పట్లు కొట్టడానికి తీరిక దొరికింది. ఒక కాగితం రాయడానికి దొరకలేదు.

మిల్లర్ కథలో వెలుగు లేకపోలేదు. 1942 జూన్ నుంచి నౌకాదళం నల్లజాతివారిని వంటగది బయటి పనులకూ చేర్చుకోవడం మొదలుపెట్టింది. 1948 జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష ఉండకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 2020 జనవరి 20న, కట్టబోయే ఒక పెద్ద విమానవాహక నౌకకు డోరిస్ మిల్లర్ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. అలాంటి ఓడకు మామూలు నావికుడి పేరు ప్రకటించడం అదే మొదలు. ఇవన్నీ ఎవరో ఒకరు అడగగా, రాయగా, పోరాడగా వచ్చినవే.

పోయిన నెల హాస్టల్‌కు వెళ్ళాం. బాబాయ్ ఇంకా కామాటీగానే ఉన్నాడు. జుట్టు నెరిసింది. మమ్మల్ని చూసి, "ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా?" అని నవ్వాడు. శాలువా ఏదని అడిగితే మనవరాలికి ఉయ్యాల వేశారట. అర్జీ సంగతి ఎత్తేసరికి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇప్పుడు రాస్తే అవుద్దంటారా?" అన్నాడు. అవుతుందో లేదో మాకు తెలియదు. ఆ మాటే చెప్పాం. ఆయన పక్కనే కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాశాం. రాసింది చదివి వినిపిస్తే, "ఎన్నేళ్ళ సర్వీసో అది సరిగ్గా వెయ్యండి" అని దిద్దించాడు.

వార్షికోత్సవం రోజున ఆ అర్జీ వార్డెన్ గారి గదిలో బల్ల మీద ఉంటుంది. అన్నలూ తమ్ముళ్ళూ వచ్చి తలా ఒక సంతకం చేయండి. ఈసారి కూడా బాబాయ్‌కి శాలువా కప్పుదామని కమిటీ వారు అంటున్నారు. తప్పకుండా కప్పుదాం. అయితే ముందు సంతకాలు కానివ్వండి. భోజనాలయ్యాక గంగాళాలు మనమే తోముదాం.