ఆ రాత్రి మేము తలుపు వేసుకున్నాము

గత రంజాన్‌కు ముందు మాట. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మా పెద్దబ్బాయి స్నేహితుని పుట్టినరోజుకని వెళ్ళి, రాత్రి పదకొండు గంటలకు ఇద్దరు పిల్లల భుజాల మీద ఇల్లు చేరాడు. మా గడప ఏనాడూ ఎరుగని వాసన వాడి వెంట లోపలికి వచ్చింది. మేము మొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. వీధి తలుపు గడియ పెట్టి, దీపం ఆర్పివేశాము.

వాడు వాంతి చేసుకున్నాడు. పిలిస్తే పలకలేదు. చేయి చల్లగా ఉన్నది. ఆసుపత్రికి తీసుకొనిపోదామని ఒకరము, తెల్లవారితే మస్జిదులో ఏ ముఖంతో సఫ్‌లో నిలబడతామని ఒకరము, ముప్పావు గంట వాదులాడుకున్నాము. పరువు అనే మాట ఎన్నిసార్లు దొర్లిందో! చివరకు 108కు ఫోను చేసినది మేము కాదు, పదమూడేళ్ళ మా అమ్మాయి.

డాక్టరు గారు మమ్ములను మందలించలేదు. వాణ్ణి ఎలా పడుకోబెట్టారని మాత్రం అడిగారు. వెల్లకిలా, తల క్రింద దిండు పెట్టి పడుకోబెట్టాము. ఆ స్థితిలో వాంతి ఊపిరిగొట్టంలోకి పోతే ప్రాణం పోవచ్చునట. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలట. మేము చెంచాతో మజ్జిగ కూడ పోయబోయాము. స్పృహ లేనివాని నోట ఏదీ పోయరాదు. నిద్రపోతే దిగిపోతుందనుకోవడమూ పొరపాటే. కడుపులో మిగిలిన మద్యం ఆ తరువాత కూడ రక్తంలో చేరుతూనే ఉంటుంది. లేత వయసువారికి రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉన్నది. మెదడు ఇరవై అయిదేళ్ళ ప్రాయం వరకు ఎదుగుతూనే ఉంటుందనీ, మంచిచెడ్డలు తూచే ముందు భాగమే అన్నిటికంటె ఆలస్యంగా పరిపక్వమవుతుందనీ ఆయన చెప్పగా విన్నాము.

అల్లాహ్ దయవలన వాడు కోలుకున్నాడు.

రెండు తెలుగు రాష్ట్రాలలోను 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదు. కనుక కొన్నాళ్ళు దుకాణదారుని తిట్టుకున్నాము. ఆ పిల్లలను తిట్టుకున్నాము. ఒకనాడు మావాడే నెమ్మదిగా అన్నాడు: "అబ్బా, ఆనాటి వలీమాలో మామూజాన్ వాళ్ళకు కారు దగ్గరికి గ్లాసులు, సోడాలు మోసింది నేనే కదా. మీరు చూశారు. ఏమీ అనలేదు."

చూశాము. పెద్దవారితో గొడవ ఎందుకని ముఖం త్రిప్పుకున్నాము.

మదీనాలో మద్యం నిషిద్ధమని చాటింపు వినిపించిన వేళ, అబూ తల్హా (రజి) గారి ఇంట ఖర్జూరపు సారా పోస్తున్నది హజ్రత్ అనస్ (రజి). అక్కడున్నవారందరిలో చిన్నవాడు ఆయనే. ఆ వృత్తాంతాన్ని ఎన్నిసార్లు విన్నామో! వీధులలో పారిన సారాయే మాకు గుర్తుండేది. గ్లాసు అందిస్తున్నది ఒక కుర్రవాడనీ, దానిని పారబోయమని ఆ కుర్రవానికి చెప్పినది త్రాగుతున్న పెద్దలేననీ ఇప్పుడు గాని మా బుద్ధికి తట్టలేదు. వారు మరొక గుక్కకైనా ఆగలేదు.

వచ్చే నెల ఆ ఇంటనే మరొక నికాహ్ ఉన్నది. మొన్న ఇషా తరువాత మామూజాన్‌కు ఫోను చేసి, కారు దగ్గర ఆ ఏర్పాటు ఉంటే మేము రాలేమని చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగారు. ఆ రాత్రి సంగతి ఆయనకు దాచకుండా చెప్పాము.