పెన్న గండికోటలో ఆగితే

నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు సాగే పెన్న గురించి హిందూపురం వైపు నాకు తెలిసింది తక్కువ. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. తాడిపత్రిలో ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కాసేపు కాళ్లు కదలనివ్వదు. ఆ దిగువన చిత్రావతి వచ్చి కలుస్తుంది. ఇక మా వైపే.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. ఎండాకాలం ఏట్లో చెలమలు తోడేవాళ్లం. మోచేతి లోతు ఇసుక తీస్తే నీళ్లూరేవి. మొదటి నీళ్లు పారబోసి, తేరుకునేదాకా కాచుకుని, చెంబుతో మెల్లగా బిందెలోకి ముంచాలి. అంత పేద ఏరే ఎర్రమల కొండల్ని నిలువునా కోసింది. ఆ గండి అంచునే గండికోట: పెమ్మసాని నాయకుల కోట, లోపల మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం. ఎదురుగా పలకలు పలకలుగా ఎర్ర బండలు. ఈ గండినిప్పుడు ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. పెన్నకు అమెరికా సిఫారసు ఎందుకో!

ఇక్కడే కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా కృష్ణ నీళ్లొచ్చి దీన్ని నింపుతాయి. చెలమ తోడినవాణ్ణి, కరువు సీమకు నీళ్లొద్దని ఎట్లా అంటాను? కానీ 2020లో జలాశయం మట్టం పెంచుతుంటే ముంపు ఊరైన తాళ్లప్రొద్దుటూరు జనం ధర్నాకు కూర్చున్నారు. పరిహారం పూర్తిగా ఇవ్వండి, ఇళ్లు కట్టుకునేదాకా ఆగండి అన్నారు. నీళ్లు ఆగలేదు. తలుపులు, కిటికీలు, దూలాలు ఊడబెరికి ట్రాక్టర్లకెత్తుకుని పోవాల్సి వచ్చింది. పరిహారానికి పెట్టిన కటాఫ్ తేదీకి పిల్లలకు పద్దెనిమిదేళ్లు నిండాయా లేదా అని ఒక్కో ఇంట్లో ఒక్కో పంచాయితీ. కూలివాడికైతే, మునిగిన చేను ఎవరి పట్టాలో ఉన్నా, పోయిన పని మాత్రం తనదే. పునరావాస కాలనీలో ఇంటికి జాగా చూపిస్తారు. గొడ్లను ఎక్కడ కట్టేయాలి, గడ్డివామి ఎక్కడ వేయాలి?

దిగువన మైలవరం, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు, ఆపైన సముద్రం. అంతదూరం పోవడానికి నాకు మనసు రాలేదు. గండికోటకు ఫొటోల కోసం వచ్చేవాళ్లు తిరుగుదారిలో ఒక కాలనీ దగ్గర ఆగి, మీది ఏ ఊరని అడగండి. ప్రభుత్వాన్ని అడగాల్సింది వేరే ఉంది: ఆఖరి ఇంటికి డబ్బు, జాగా అందకముందే ఏ జలాశయానికైనా గేట్లు దించడమెందుకు?